కాలిన కారులో కాలనిదేది?

మంటలు ఆరిపోయాయి. ఫైరింజన్ వెళ్ళిపోయింది. వీడియోలు తీసుకున్నవాళ్ళు తీసుకుని, "అయ్యో, ఎంత మంచి బండో!" అనుకుంటూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. మీ ఎదురుగా మీ నాన్నగారు కొన్న అంబాసిడర్ ఉంది. బానెట్ మీద రంగు లేదు, అద్దాలు లేవు, టైర్లున్న చోట తీగల చుట్టలు మిగిలాయి. తెల్లారేసరికి పాత ఇనుము కొనే మనిషి గేటు దగ్గర నిలబడతాడు. "కిలో లెక్కన ఇచ్చెయ్యండి సార్. ఇంకేం మిగిలింది ఇందులో?"

ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం అతన్ని అడిగి తెలుసుకోకండి. అతను చూసేది బరువు. మీరు చూడాల్సింది వేరే ఉంది.

కాలిన ప్రతి పాత కారుకీ ఈ అధ్యాయం పనికొస్తుంది. ఉదాహరణకి మాత్రం అంబాసిడర్‌నే తీసుకున్నాను. మన ఊళ్ళలో పాత కారంటే ఎక్కువ ఇళ్ళలో ఉన్నది అదే. ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ దాని తయారీ 2014లో ఆపేసింది. ఇప్పుడు దానికి అసలు భాగం కావాలంటే ఎక్కువగా ఇంకో అంబాసిడర్ నుంచే రావాలి. మీ ముందున్న ఆ నల్లటి గుట్టకి విలువ వచ్చింది అందుకే.

ఒక్క సంగతి గుర్తుంటే మిగతా పనంతా సులువవుతుంది. కారులో మంట అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒక మూల ఇనుము ఎర్రబడుతుంటే, రెండు గజాల అవతల గ్రీజు కూడా కరగకుండా ఉంటుంది. ఏ భాగం ఎంత వేడి చూసిందన్నదే మీకు కావలసిన లెక్క. పైకి ఎలా కనబడుతోందన్నది పట్టించుకోకండి. మసి పట్టి అసహ్యంగా ఉన్న గేరు నిక్షేపంగా ఉండొచ్చు. నీలంగా మెరుస్తున్న స్ప్రింగు చచ్చిపోయి ఉండొచ్చు.

1. సర్వేయరు చూసేదాకా పానా పట్టకండి

చేతులు దురద పెడతాయి, తెలుసు. కానీ బండికి కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉంటే సర్వేయరు రాకముందు ఒక్క బోల్టు తీసినా క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ముఖ్యంగా వైరింగ్ జోలికి పోకండి. షార్ట్ సర్క్యూట్ అయిన చోట రాగి తీగ చివర చిన్న పూసలా కరిగి గడ్డకడుతుంది. మంట ఎక్కడ మొదలైందో చెప్పే సాక్ష్యాల్లో అదొకటి. మీరు తీగలు పీకేస్తే సాక్ష్యం పోతుంది.

ఫైర్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తీసుకోండి, పోలీస్ స్టేషన్‌లో రాయించండి. 5 ఏళ్ళు దాటిన బండికి ఐడీవీ అంటే మీరూ కంపెనీ కలిసి ఒప్పుకున్న విలువ. బాగుచేసే ఖర్చు అందులో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. అప్పుడు సాల్వేజ్, అంటే మిగిలిన బండి, మీ దగ్గరే ఉంచుకుంటానని ముందే కాగితం మీద పెట్టండి. దాని విలువ మీకొచ్చే డబ్బులోంచి తగ్గిస్తారు. తగ్గించనివ్వండి.

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉందా? అయితే మీ బండికి పైసా రాదు, ఆగాల్సిన అవసరమూ లేదు. అయినా నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీయండి. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు దగ్గరగా తీయండి. బ్యాటరీ మిగిలుంటే కనెక్షన్ విప్పండి. బండి మీద టార్పాలిన్ కప్పండి.

2. మీ ఒళ్ళు మీకు ముఖ్యం

ఇది చిన్న విషయమనుకుని దాటెయ్యకండి. పాత కార్ల బ్రేక్ లైనింగుల్లో, క్లచ్ ప్లేటులో ఆస్‌బెస్టాస్ ఉండేది. కాలిన బ్రేకు దుమ్మును నోటితో ఊదడం, గాలి గొట్టంతో కొట్టడం రెండూ తప్పే. తడిపి తుడవండి. మంచి మాస్కు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. బంకబంకగా, నల్లటి జిగురులా మారిన సీళ్ళు కనబడితే వట్టి చేత్తో ముట్టుకోకండి. తర్వాతి కాలంలో వేసిన కొన్ని రకాల సీళ్ళు బాగా కాలితే చర్మం లోపలికి దిగే ఆమ్లం తయారవుతుంది.

బండికి గ్యాస్ కిట్టు ఉందా? మంట చూసిన సిలిండర్ ఎంత బాగా కనిపించినా మళ్ళీ వాడకూడదు. అది ఖాళీదో కాదో కూడా మీరు తేల్చకండి, కిట్టు బిగించే లైసెన్సు ఉన్నవాళ్ళని పిలవండి. పెట్రోలు ట్యాంకు సంగతీ అంతే. గ్రైండరు గానీ గ్యాస్ కటింగ్ గానీ మొదలుపెట్టే ముందు ట్యాంకు విప్పి దూరంగా, ఆరుబయట పెట్టించండి. ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆవిరి. నిండు ట్యాంకు కన్నా అదే ప్రమాదం.

3. మసి కడగండి, ఆలస్యం చేయకండి

చాలామంది మంట ఆరడంతో నష్టం ఆగిపోయిందనుకుంటారు. ఆగదు. వైర్ల మీది పీవీసీ కాలినప్పుడు వచ్చే పొగ తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. ఆ మసి క్రోమ్ మీద, అల్యూమినియం మీద, గీతల్లేని బేరింగు మీద కూర్చుని రోజూ కొంచెం కొంచెం తింటూ ఉంటుంది. పొడి సిలిండర్‌తో మంట ఆర్పి ఉంటే ఆ పొడి కూడా తడి తగిలితే ఇనుముని తింటుంది.

సర్వే అయిన రోజే పని మొదలుపెట్టండి. బకెట్టు నీళ్ళలో గుప్పెడు వంట సోడా కలిపి మెత్తటి బ్రష్షుతో కడగండి. మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, ఆరాక పలచగా ఆయిల్ రాయండి. ప్రెషర్ గన్‌తో కొట్టకండి, మసి బేరింగుల్లోకి దూరుతుంది. వైర్ బ్రష్షు, శాండ్ బ్లాస్టింగ్ ఇప్పుడే వద్దు. ఎందుకొద్దో తర్వాతి సూచన చదివితే తెలుస్తుంది.

4. బండినే థర్మామీటర్ చేసుకోండి

అసలు పని ఇక్కడుంది. తీరిగ్గా చేయండి. చేతిలో సుద్దముక్క పట్టుకుని బండి చుట్టూ తిరగండి. ఏ లోహం ఎక్కడ కరిగిందో చూస్తే అక్కడ వేడి ఎంత దాటిందో తెలిసిపోతుంది.

రేడియేటర్‌తో మొదలుపెట్టండి. దాని అతుకులు సీసం, తగరం కలిపిన టంకంతో వేసినవి. ఆ టంకం 200 డిగ్రీల పరిసరాల్లోనే మెత్తబడుతుంది. అతుకులు గట్టిగా ఉన్నాయా? అయితే బండి ముందు భాగం మీరు భయపడినంత కాలలేదు. తలుపు హ్యాండిళ్ళు, బానెట్ మీది అక్షరాలు జింకు పోతవి. 400 డిగ్రీల లోపే జారిపోతాయి. కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ లాంటి అల్యూమినియం భాగాలు నేల మీద ముద్దలై కనిపిస్తే అక్కడ 600 డిగ్రీలకి అటూ ఇటూ వచ్చిందని అర్థం. పగిలిన అద్దం పెద్దగా ఏమీ చెప్పదు. కరిగి వేలాడుతున్న అద్దం మాత్రం ఇంకా ఎక్కువ వేడి తగిలిందని చెబుతుంది. షార్ట్ కాని రాగి తీగ కూడా కరిగిందంటే 1,085 డిగ్రీలు. దాని చుట్టుపక్కల ఇక వెతకక్కర్లేదు.

ఇప్పుడు ఉక్కు. రంగు వేయని, నున్నటి ఉక్కు మీద వేడి తన రంగు వదిలి వెళ్తుంది. ఎండుగడ్డి రంగు ఉంటే 220 ప్రాంతం, ఊదా అయితే 280, నీలమైతే 300. బూడిదరంగు పొలుసులు ఊడుతుంటే అంతకన్నా చాలా ఎక్కువ. శాండ్ బ్లాస్టింగ్ వద్దన్నది ఇందుకే. ముందే మెరుగు పెట్టేస్తే ఈ రంగులన్నీ పోతాయి, కొనేవాడూ మీరూ ఇద్దరూ గుడ్డివాళ్ళవుతారు. సెకండ్ హ్యాండ్ భాగాలు కొనేటప్పుడు అనుమానం లేనంత తళతళలాడేదాన్ని నేనైతే ముందు అనుమానిస్తాను.

ఇలా చూసుకుంటూ సుద్దతో మూడు గీతలు గీయండి: బాగా కాలిన చోటు, వేడెక్కిన చోటు, పొగ మాత్రమే పట్టిన చోటు. అంబాసిడర్‌లో ఈ గీతలు తరచు ఒకే తీరులో వస్తాయి. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో కార్బొరేటర్, సైలెన్సర్ మానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉంటాయి. గట్టిపడి చీలిన పెట్రోలు పైపు కారితే ఆ చుక్కలు ఎర్రటి మానిఫోల్డు మీదే పడతాయి. అందుకే ఇంజిన్‌లో మొదలైన మంటలో ఆ పక్క ఎక్కువ పాడై, డిస్ట్రిబ్యూటర్ ఉన్న రెండో పక్క కొంత మిగలడం కనబడుతుంది. అలాంటి బండిలో డిక్కీ వైపు మీకు పండగే. మంట సీట్ల దగ్గర పుట్టిందా? అప్పుడు లెక్క తిరగబడుతుంది: పైకప్పు, డాష్‌బోర్డు పోతాయి, ఇంజిన్ బతుకుతుంది.

5. ఇంజిన్‌ని తొందరపడి చంపకండి

"ఇంజిన్ కాలిపోయింది సార్" అని మేస్త్రి అనగానే నమ్మేస్తున్నారా? ఒక్క ప్రశ్న అడగండి: "బ్లాకులో నీళ్ళున్నాయా మేస్త్రీ?"

పొయ్యి మీద గిన్నెలో ఎసరు ఉన్నంతసేపూ గిన్నె మాడదు కదా. బ్లాకు, హెడ్డు పోత ఇనుము. లోపల నీళ్ళు మిగిలి ఉన్నాయంటే లోహం వంద డిగ్రీలకి మరీ దూరం పోలేదు. డ్రెయిన్ ట్యాప్ విప్పి చూడండి. నీళ్ళొస్తే సగం గెలిచినట్టే. తర్వాత ఆయిల్ చాంబర్ నుంచి నూనె దింపండి. నల్లగా ఉన్నా జారుతూ ఉంటే మంచిదే. తారులా గడ్డకట్టి మాడు వాసన వస్తే బేరింగులు, పిస్టన్లు అనుమానించాల్సిందే.

ఆ వెంటనే చాలామంది చేసే తప్పు: తాళం తిప్పి చూడటం, లేదా బండిని తోసి గేరులో వేయడం. వద్దు. ఫైరింజన్ నీళ్ళు సిలిండర్లలోకి వెళ్ళి ఉండొచ్చు. ప్లగ్గులు విప్పి ఒక్కో రంధ్రంలో ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి కొద్దిగా పోయండి. రెండు మూడు రోజులు వదిలేసి, తర్వాత చేత్తో మెల్లగా తిప్పండి. పాత మోడళ్ళకి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే వీలు ఉండేది, అది ఇక్కడ అక్కరకొస్తుంది. తిరగకపోతే బలవంతం చేయకండి, ఇంకో వారం నాననివ్వండి.

హెడ్డు విషయంలో భయం మంట వల్ల కాదు, మంట మీద పడ్డ చన్నీళ్ళ వల్ల. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద నీళ్ళు పడితే పగుళ్ళు వస్తాయి, కంటికి కనబడవు. మూడు పరీక్షలు చేయించండి. హెడ్డుని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే బాగుంది, మొద్దుగా మోగితే పగులుంది. కిరసనాయిలు పూసి కాసేపాగి, శుభ్రంగా తుడిచి సుద్దపొడి చల్లండి. పగులు ఉన్న చోట తడి గీత బయటపడుతుంది. చివరగా తిన్నటి స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్ పెట్టి వంపు చూడండి. కొద్దిపాటి వంపైతే లేత్ దగ్గర ఫేసింగ్ చేయించొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి పని చేసే షెడ్లకి కొదవలేదు. హెడ్డు, బ్లాకు తీసుకెళ్ళి చూపించండి. కొత్త బోరు వేస్తారా, స్లీవులు వేస్తారా అన్నది ఆ తర్వాత మాట.

బ్లాకు, హెడ్డు, క్రాంకు, క్యామ్ ఈ నాలుగూ నిలబడితే మీ చేతిలో ఇంజిన్ ఉన్నట్టే. వాల్వ్ స్ప్రింగులు, గ్యాస్కెట్లు, సీళ్ళు, రబ్బరు పైపులు అన్నీ కొత్తవే వేయాలి. డైనమో, సెల్ఫ్ మోటారు కాయిల్స్ మాడిపోయినా పై తొడుగు బాగుంటే రీవైండింగ్ చేయించొచ్చు. కాబట్టి అవి పారేయకండి.

6. వెనకాల చూడటం మర్చిపోకండి

అందరూ ముందు భాగం చూసి ఏడుస్తారు. వెనక యాక్సిల్ వైపు ఎవరూ వంగి చూడరు. అది నేలకి దగ్గరగా, నూనెలో మునిగి ఉంటుంది. మంట పైకి పోతుంది. క్రౌన్ పినియన్ సెట్టు, యాక్సిల్ షాఫ్టులు, హౌసింగ్ చాలాసార్లు చెక్కుచెదరవు. నూనె దింపి వాసన చూడండి. గేర్ల మీద పని చేయని అంచున ఆకురాయితో ఒక్కసారి రాయండి. ఆకురాయి జారిపోతే పళ్ళ గట్టిదనం అలాగే ఉంది. కొరికితే వేడికి మెత్తబడ్డాయి, వదిలేయండి. గేర్‌బాక్సుకీ ఇదే పరీక్ష. కమాన్ పట్టీలకి మాత్రం ఇది చెల్లదు, బాగున్న పట్టీని కూడా ఆకురాయి కొరుకుతుంది.

బోల్టులు బిగుసుకుపోయి ఉంటాయి. డీజిల్ పోసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే చవకదాన్ని కోసి ఖరీదైనదాన్ని కాపాడండి. కాలిన రేకు కోసేస్తే పోయేదేం లేదు. దాన్ని కాపాడబోయి హౌసింగ్ చెవి విరగ్గొట్టినవాళ్ళు ఎందరో. తీసిన ప్రతి భాగానికీ పేరు, ఏ వైపుది, సుద్దగీతల్లో ఏ చోటుది అని చీటీ కట్టండి. నెల తర్వాత అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

7. రేకుల సంగతి తేల్చడానికి ఒకే ప్రశ్న

లోపలి పక్క రంగు మిగిలి ఉందా? ఉంటే ఉంచుకోండి. రెండు పక్కలా రంగు పోయి ఎర్రటి తుప్పు పట్టిందంటే ఆ రేకు మెత్తబడింది. వేలితో నొక్కితే టపటపమంటూ లోపలికీ బయటికీ ఊగుతుంది. దాన్ని సరిచేయడానికి డెంటింగ్ మేస్త్రికి ఇచ్చే డబ్బుతో బాగున్న రేకు దొరుకుతుంది. అంబాసిడర్‌కి వేరే చాసిస్ ఫ్రేము లేదు, బాడీయే చాసిస్. అది బాగా కాలితే బండిగా మళ్ళీ నిలబెట్టాలన్న ఆశ వదులుకోండి. స్టీలు బంపర్లు మాత్రం నీలం తిరిగినా మళ్ళీ క్రోమ్ వేయించుకోవచ్చు.

8. వీటి దగ్గర జాలి వద్దు

మేస్త్రి కుర్రాడు స్టీరింగ్ బాక్స్ కడిగి తెచ్చి, "సార్, బానే తిరుగుతోంది, ఉంచేద్దామా?" అంటాడు. వేడి చూసిన చోటుదైతే వద్దనండి. స్టీరింగ్ జాయింట్లు, స్టబ్ యాక్సిళ్ళు, బ్రేకు సిలిండర్లు, బ్రేకు పైపులు, ముందు టార్షన్ బార్లు, కమాన్ పట్టీలు, టైరు కాలిన రిమ్ములు రోడ్డెక్కకూడదు. వీటి పదును పోయిందో లేదో ఇంట్లో తేల్చే పరీక్ష లేదు. షాక్ అబ్జార్బర్లని గ్యాస్ కటింగ్‌తో విప్పనివ్వకండి, లోపలి నూనె వేడెక్కితే పేలతాయి. రోడ్డెక్కకూడదన్న ఆ భాగాలని తూకానికి పోయే ముందు రెండు ముక్కలుగా కోయించండి. లేకపోతే రంగేసి ఎవరో ఇంకో బండికి బిగిస్తారు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

9. కాగితం, ఆ తర్వాతే అమ్మకం

బండి ఇక పనికిరాదని తేలితే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, ఆర్టీఓకి తెలిపి ఆర్సీ అప్పగించాలి. అప్పగించే ముందు జిరాక్సులు తీయించుకోండి. మీ ఇంజిన్ కొన్నవాళ్ళు తమ ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అప్పుడు ఆ జిరాక్సు, ఫైర్ సర్టిఫికెట్, మీరు రాసిచ్చిన రసీదు అడుగుతారు. ఇవి లేకపోతే మంచి ఇంజిన్ కూడా దొంగ సరుకులా కనిపిస్తుంది.

అన్నీ కలిపి ఒకే ధరకి ఇవ్వకండి. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ విడివిడిగా పెట్టండి. మీటర్లు, డిక్కీ తలుపు, బంపర్లు లాంటివి ముందు అంబాసిడర్ ఉన్నవాళ్ళకి చూపించండి, తర్వాతే పాత స్పేర్ల కొట్టుకి. భాగానికి వేడి తగిలి ఉంటే తగిలిందని చెప్పే అమ్మండి, చీటీ ఎలాగూ కట్టారు కదా. 2021లో వచ్చిన వింటేజ్ బండ్ల నిబంధనలు 50 ఏళ్ళు దాటి, బాడీ, చాసిస్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని బండ్లకే వర్తిస్తాయి. కాబట్టి అసలు భాగాల కోసం వెతికేవాళ్ళు ఉన్నారు, ఓపిక పడితే మీ గేటుదాకా వస్తారు.

ఎవరైనా వచ్చి చాసిస్ నంబరు పలక ఒక్కటీ చాలు, మంచి ధర ఇస్తానంటే మాత్రం అతనికి కావలసింది మీ బండి కాదు, ఇంకో బండికి దొంగ పేరు. అది నేరం. ఎంతిస్తానన్నా ఆ పలక అమ్మకండి.